గడ్డం నీళ్ళు కూడా నా పేరు మీదే

1వ రోజు

మసిలెక్క కచేరీ వారికి, కొత్తతిప్ప, మూడో మేడ, ఆరో అంతస్తు నుంచి వరహాలమ్మ రాసుకునే సంజాయిషీ.

ముప్ఫై రోజులు రాయాలని, ఏదీ దాచకూడదని మీ కాగితంలో ఉంది. నేను మూడో తరగతి దాకా చదివాను. నాలుగులో చేరాల్సిన ఏడు మా బడి సముద్రంలోకి వెళ్ళింది. అక్షరాలు పెద్దవిగా రాస్తే కాగితం ఎక్కువ పడుతుంది, దానికీ మసి వేస్తారేమోనని సన్నగా రాస్తున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుని చదువుకోండి.

మా మేడలోని నూట అరవై మందిలో అందరికంటే ఎక్కువ మసి నాదేనట. పది రోజులకు మనిషికి యాభై తులాలు దాటకూడదు. నాది నూట ముప్ఫై ఏడు. ఒకప్పుడు బంగారం తూచినట్టు ఇప్పుడు మసి తూస్తున్నారు, ఒంటిమీద వేసుకోవడానికి మాత్రం ఏమీ రాదు. ఈ నెల చివరి పది రోజుల్లో కూడా యాభై దాటితే ముప్ఫయ్యో రోజు పది గంటలకు రేవులోకి పడవ వస్తుంది. నలభై రోజులు కొండబడిలో ఉండాలి. అక్కడ ఉప్పు లేని గంజి పోస్తారట. మాట్లాడితే ఊపిరి దండగని మాట్లాడనివ్వరట.

నా భయం అదొక్కటే కాదు. మా ఆయనకు ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. ఏ మాత్ర పరగడుపున వేసుకోవాలో, ఏది తిన్నాక వేసుకోవాలో తెలియదు. నలభై రోజులు ఎలా బతుకుతారని పొద్దుటి నుంచి మూడుసార్లు ఏడ్చాను. ఏడుపుకు ఎన్ని తులాలో మీ కాగితంలో లేదు.

మా ఆయన మసి సున్నా. పడవ సరంగుగా చేసి మానేశారు. మూడేళ్ళుగా మా మేడలోని 'మసిలేని మనుషుల్లో' మొదటి పేరు ఆయనదే. ఏటా ఆకుపచ్చ శాలువా కప్పుతారు. ఆ శాలువా ఉన్నవాళ్ళే పొదుపు సభలో కూర్చుని ఎవరి పొయ్యి ఎంతసేపు వెలగాలో తీర్మానిస్తారు. ఈ ఏటి శాలువా కూడా ముప్ఫయ్యో రోజు పది గంటలకే, అదే రేవులో. ఆయనకు శాలువా, నాకు పడవ.

"నీ మూలంగా నాకు తలవంపులు. ఊరందరికీ పొదుపు చెప్పేవాణ్ణి, నా ఇంట్లోనే ఇంత మసా? నన్ను చూసైనా నేర్చుకోవేం? నేనేమన్నా ముట్టుకుంటున్నానా?" అన్నారు.

ముట్టుకోరు, నిజమే. కాఫీ గ్లాసు తప్ప.

2వ రోజు

మీకు తెలియనిదేముంది గానీ, దాచకూడదన్నారు కనుక రాస్తున్నాను. వంటింటి గోడకు మసిపెట్టె ఉంది. పొయ్యి వెలిగించినా, నీళ్ళు కాచినా, పంకా వేసినా, ఇస్త్రీ చేసినా "ఎవరి కోసం?" అని అడుగుతుంది. గొంతు మర్యాదగానే ఉంటుంది, మా పెద్దాడపడుచు గొంతులాగా. పది అంకెలు లెక్కపెట్టేలోగా పేరు చెప్పకపోతే మీట ఆరిపోతుంది.

దానికి మా ఇంట్లో రెండు పేర్లు తెలుసు. ఒకటి నాది. రెండోది మా ఆయనది. ఆ రెండోది నేను పలకలేను.

యాభై రెండేళ్ళ కిందట, పెళ్ళయి ఇంట్లోకి వస్తుంటే ఆడపడుచులు గడపకు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పి లోపలికి రమ్మన్నారు. ఒక్కసారి చెప్పాను. ఆ వారమే ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. మా అత్తగారు నన్ను పక్కకు పిలిచి, "ఆ పేరు పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుంది. గడప దగ్గర చెప్పడం ఆ ఒక్కసారికే. ఇంక అనకు" అన్నారు. అనలేదు. కాగితం మీద కూడా రాయలేదు. ఇందులోనూ రాయను, మన్నించాలి.

అందుకని పెట్టె పెట్టిన రోజు నుంచి అన్నిటికీ "వరహాలమ్మ కోసం" అనే చెబుతున్నాను. నిన్న వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదిహేడుసార్లు. అందులో పదకొండు ఆయనవి. ఇప్పటి నుంచి ఉన్నదున్నట్టు చెబితే నెలకు మూడువందల ముప్ఫైసార్లు ఆయన పేరు పలకాలి. ఒక్కసారికి టైఫాయిడ్ వస్తే మూడువందల ముప్ఫైకి ఏమొస్తుందో కట్టడానికి మూడో తరగతి లెక్కలు చాలవు.

4వ రోజు

మీ కచేరీ నుంచి లెక్కలమ్మాయి వచ్చింది. పేరు హిమజ. చేతిలో నా చిట్టా.

"బామ్మగారూ, రోజుకి ఆరు కాఫీలు తాగుతారా?"

"తాగుతానమ్మా."

"రెండుపూట్లా వేణ్ణీళ్ళ స్నానం?"

"ముసలి ఒళ్ళు గదా తల్లీ."

"లాల్చీలకి ఇస్త్రీ?"

నేను చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

"నెలకి పదిహేనుసార్లు గడ్డం నీళ్ళు?"

పక్కగదిలో మా ఆయన పంకా కింద కూర్చుని వార్తల పలక చూసుకుంటున్నారు. ఆ పంకా కూడా నాదే. నేను కొంగుతో గడ్డం కప్పుకుని, "అప్పుడప్పుడూ" అన్నాను.

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. అంతలో ఆమెకు ఫోను వచ్చింది. "ఒరేయ్ చరణ్, పనిలో ఉన్నాన్రా, పప్పు నువ్వే పెట్టేయ్" అని పెట్టేసింది.

"ఎవరమ్మా, తమ్ముడా?"

"మా ఆయన, బామ్మగారూ."

మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది! "బాగానే ఉన్నాడా అమ్మా అతను?"

"దున్నపోతులా ఉన్నాడు. ఏం?"

ఏమీ లేదన్నాను. కొత్తగా పెళ్ళయినట్టుంది, ఇంకా ప్రభావం కనబడి ఉండదు. వాళ్ళిద్దరి కోసం కూడా దణ్ణం పెట్టుకున్నాను.

వెళుతూ వెళుతూ గడప దగ్గర ఆగింది. "మా ఆఫీసులో ఒక లిస్టుంది బామ్మగారూ. ఊళ్ళో మసి ఎక్కువున్న మొదటి రెండువందల మందీ అరవై దాటిన ఆడవాళ్ళే. మసి లేనివాళ్ళంతా వాళ్ళ మొగుళ్ళే. మా పెద్దసారు ఏమంటాడో తెలుసా? ముసలాళ్ళలో ఆడవాళ్ళకి తిండియావ ఎక్కువట."

నాకు ఒళ్ళు మండింది. కానీ పెద్దసారు మీరే అయితే, మండలేదని రాసుకోండి.

"పెట్టె ఇంకేమీ చూడదు. వెలిగించినవాళ్ళు ఎవరి పేరు చెబితే వాళ్ళకే రాస్తుంది. వెలిగించేది ఎవరైనా సరే" అంది. ఆ 'ఎవరైనా సరే' మళ్ళీ ఒకసారి అంది. ఎందుకన్నదో నాకు అప్పుడు తట్టలేదు.

6వ రోజు

పెట్టెతో బేరం పెట్టాను.

"ఎవరి కోసం?"

"మా ఇంటాయన కోసం."

"మా ఇంటాయన అనే పేరు ఈ ఇంట్లో నమోదు కాలేదు."

"సరంగుగారి కోసం."

అదీ నమోదు కాలేదు.

"పక్కగదిలో కూర్చుని కాలు ఊపుతున్నారే, ఆయన కోసం!"

పొయ్యి ఆరిపోయింది. ఉప్మాలో నీళ్ళు మరగలేదు, రవ్వ ఉండకట్టింది. చివరికి ఆయన్నే బతిమాలాను. "ఒక్క నిమిషం వంటింట్లోకి వచ్చి మీ పేరు మీరు చెప్పిపోండి, మీకు పుణ్యముంటుంది."

"నేనా? పొయ్యి దగ్గరికా? మసి అంటుకోదూ!" అన్నారు.

9వ రోజు

నీడగంటల్లో ఎండకు భయపడి ఎవరూ బయటికి వెళ్ళరు కనుక, మేమంతా మెట్ల మలుపులో కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటాం. ఎదురింటి నూకరత్నం, పక్కింటి బీబీజాన్, నేను. మసి కాగితం ముగ్గురికీ వచ్చింది. వాళ్ళ మొగుళ్ళు పైడిరాజు, మస్తాన్ వలీ కూడా శాలువాలవాళ్ళే.

"మీలో కూడా పేరు పలకరా బీబమ్మా?" అన్నాను.

"మా నానీ నేర్పింది అక్కా, మా అమ్మమ్మ. ఏవండీ అన్నట్టు 'అజీ' అంటా. పెట్టెకి అజీ అంటే అర్థం కావట్లేదు."

నూకరత్నం చేతిలోని చింతపండు పక్కన పెట్టింది. "వదినా, నీకు మా పెనిమిటి పేరు పలకడానికేటి ఇబ్బంది?"

"నాకేం ఇబ్బంది? పైడిరాజు, పైడిరాజు, పైడిరాజు."

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లెక్కలమ్మాయి రెండుసార్లు చెప్పిన మాట అప్పుడు నా తలకెక్కింది.

"అయితే రత్నం, నువ్వు మా ఇంట్లో పొయ్యి వెలిగించి ఆయన పేరు చెప్పు" అన్నాను.

నూకరత్నం నాలుక కరుచుకుంది. "అమ్మో, నీ పెనిమిటి పేరే మా మావ పేరు. మావ పేరు ఎలా పలికేది?"

"మీ మావగారు పోయి ఇరవై ఏళ్ళయింది గదే! ఆయనకింక తగ్గే ఆయుష్షేముంది?"

"ఆయుష్షు సంగతి కాదొదినా. ఆయన కోపిష్టి మనిసి. పిలిస్తే దిగొచ్చేత్తాడు."

దిగొస్తే ఆయన కాఫీ ఎవరి పేరు మీద రాయాలో కూడా తెలియదు. అందుకని ఇలా పంచుకున్నాం. నేను నూకరత్నం ఇంటికి, నూకరత్నం బీబీజాన్ ఇంటికి, బీబీజాన్ మా ఇంటికి. మగవాళ్ళ కాఫీలు, వంటలు, స్నానాలు, గడ్డాలు, పంకాలు, ఇస్త్రీలు మాత్రమే. తరవాత ఎవరింటికి వాళ్ళు వచ్చి తమ కూడు తాము వండుకోవడం. వంటలో తేడా రాకుండా, ఎవరాయనకు ఏం కావాలో ముగ్గురం ఒకరికొకరం అప్పజెప్పుకున్నాం. మా ఆయనవి చెప్పడానికి నాకు గంట పట్టింది.

బీబీజాన్ అంతా విని, "అక్కా, ఇది మొగుడా, బాలింతా?" అంది.

11వ రోజు

మొదలుపెట్టాం. తెల్లారగానే బీబీజాన్ మా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీట నొక్కగానే పెట్టె అడిగింది. ఆమె గొంతు విప్పి ఆ పేరు చెప్పింది. నేను చెవులు మూసుకుని గుమ్మం బయట నిలబడ్డాను. ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చూసి అప్పుడు నూకరత్నం ఇంటికి వెళ్ళాను.

మా వంటింటికి, ముందు గదికి మధ్య చిన్న కిటికీ ఉంది. కాఫీ అందులోంచే ఇస్తాను. బీబీజాన్ కూడా అందులోంచే ఇచ్చింది. నా చేతికి రెండు మట్టిగాజులు. ఆమె చేతికి మోచేతి దాకా ఎర్రగాజులు. ఆయన పలక మీదినుంచి కళ్ళెత్తలేదు.

"ఇదిగో, పంచదార తగ్గింది" అన్నారట.

"ఊఁ" అందట బీబీజాన్.

14వ రోజు

భయంగా ఉంది. భోజనానికి నేను ఇంటికి వచ్చి వడ్డిస్తున్నాను. లోపల బీబీజాన్ ఆయన కోసం వడియాలు వేయిస్తూ పెట్టెకు పేరు చెప్పింది. అదే క్షణంలో ఆయనకు పొలమారింది. కళ్ళు తేలేశారు. నేను నెత్తి మీద తట్టాను, నీళ్ళు తాగించాను, ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను.

ఆయన కళ్ళు తుడుచుకుని, "ఎవరో తలుచుకుంటున్నారే. సభలో నా శాలువా సంగతి మాట్లాడుకుంటున్నట్టున్నారు" అన్నారు సంతోషంగా.

తరవాత అప్పడం వేయించింది. మళ్ళీ పొలమారింది.

"రెండు శాలువాలేమో" అన్నారు.

బీబీజాన్‌ను రేపటి నుంచి మెల్లిగా చెప్పమన్నాను.

17వ రోజు

దాచకూడదన్నారు కనుక ఇదీ రాస్తున్నాను. మధ్యాహ్నం ఆయన గ్లాసు కిందపెట్టి, "ఈమధ్య కాఫీ బాగా పెడుతున్నావే" అన్నారు.

యాభై రెండేళ్ళలో ఈ మాట అనలేదు. గిన్నెలు కొంచెం గట్టిగా కడిగాను. గిన్నెల చప్పుడుకు మసి లేదని తెలుసు.

బీబీజాన్‌కు చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "యాలక్కాయ వేస్తున్నా అక్కా. నువ్వు చెప్పిన లిస్టులో లేదనుకో." అంతటితో ఊరుకోక, "పైడిరాజన్న కూడా నీ పెసరట్టు బాగుందన్నాడట, రత్నం ఉడుక్కుంటోంది" అంది.

ఆ రోజు నాకు కాళ్ళనొప్పులు తెలియలేదు.

21వ రోజు

ఈ రోజు నుంచి పది రోజులూ నా తలరాత. నా పేరు మీద పొద్దున ఒక కాఫీ, మధ్యాహ్నం ఒక ముద్ద, చన్నీళ్ళ స్నానం. పెట్టెను అడిగితే సాయంత్రానికి అయిదు తులాలంది. యాభై రెండేళ్ళ కాపురంలో నా వాటా ఇంతేనా అనిపించింది. అనిపించగానే, పెట్టె చెడిపోయిందేమోనని భయం కూడా వేసింది.

27వ రోజు

ప్రతి నెలా ఇరవై ఏడున మేడ మైకులో అందరి మసి లెక్కలు చదువుతారు గదా. మా ఆయన కొత్త లాల్చీ వేసుకుని, మైకు బాగా వినబడేలా కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నారు. దాన్ని ఇస్త్రీ చేసింది బీబీజాన్.

మైకు ముందు మసి ఎక్కువైనవాళ్ళ పేర్లు చదివింది. ఏడు రోజులకే మస్తాన్ వలీ యాభై నాలుగు. పైడిరాజు యాభై ఏడు. తరవాత, నేను రాయని ఆ పేరు. అరవై తులాలు. మేడలో అందరికంటే ఎక్కువ.

ఈసారి ఆయనకు ఏమీ తినకుండానే పొలమారింది.

"పెట్టె పాడైంది! ఆ లెక్కలపిల్లని పిలు!" అని కేకలు వేశారు. మైకు ఇంకా చదువుతోంది. వరహాలమ్మ, ముప్ఫై ఏడు. అది ఆయన వినలేదు. నేను విన్నాను.

28వ రోజు

హిమజ వచ్చి ఆయన ముందే చిట్టా విప్పింది.

"నిన్న ఆరు కాఫీలు. తాగలేదా తాతగారూ?"

"తాగాను."

"రెండు వేణ్ణీళ్ళ స్నానాలు?"

"చేశాను. అయితే?"

"గడ్డం నీళ్ళు?"

ఆయన నున్నని గడ్డం తడుముకున్నారు. "అవన్నీ నేను పెట్టుకోలేదు గదమ్మా! నేను దేన్నీ ముట్టుకోలేదు!"

"పెట్టె ఎవరు పెట్టారని అడగదండీ. ఎవరి కోసమని అడుగుతుంది."

"మా ఆవిడ నా పేరు పలకదు! నా ఇంట్లో నా పేరు చెప్పిందెవరు?"

కిటికీలోంచి ఎర్రగాజుల చెయ్యి కాఫీ గ్లాసుతో బయటికి వచ్చింది. ఆయన ఆ చెయ్యి వంక మొదటిసారి చూశారు. వంగి కిటికీలోకి తొంగి చూశారు.

"బీబమ్మా? నువ్వేంటి ఇక్కడ?"

"పద్దెనిమిది రోజుల్నించీ నేనేగా అన్నా. కాఫీ బాగుందన్నారు కూడా."

హిమజ తల పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. దగ్గో నవ్వో నేను అడగలేదు. ఈ ఏడు మా మేడలో శాలువా ఎవరికీ లేదని చెప్పి, ఆయన చేతిలో ఒక పుస్తకం పెట్టింది. అచ్చం ఇలాంటిదే. మొదటిసారి కనుక పడవ లేదు, ముప్ఫై రోజుల సంజాయిషీ మాత్రమే.

ఆమె వెళ్ళాక ఆయన ఆ పుస్తకం నా వైపు జరిపారు. "ఇదిగో, నువ్వు రాసిపెట్టు."

"నాది నేను రాసుకుంటున్నాను" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. రాత్రికి ఆయనకు నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేశాను. అది కరిగించింది బీబీజాన్ కనుక ఆయన లెక్కలోనే పడింది.

30వ రోజు

పది గంటలకు మీరు ఈ పుస్తకం తీసుకుంటారు కనుక గబగబా రాస్తున్నాను.

నిన్నటితో నా లెక్క నలభై ఎనిమిది. ఈ పూట నీళ్ళు కూడా కాచుకోకూడదని, పచ్చి మంచినీళ్ళు తాగి పది దాకా గడిపేయాలని అనుకుని లేచాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి వంటింట్లో చప్పుడు. బీబీజాన్ ఇంకా రాలేదు.

చూస్తే ఆయన. పంచె ఎగగట్టుకుని, పొయ్యికి మూరెడు దూరంలో నిలబడి, పాము మీద చెయ్యి వేస్తున్నట్టు మీట నొక్కారు.

"ఎవరి కోసం?" అంది పెట్టె.

నాకు సంగతి అర్థమైంది. తన లెక్క ఇంక పెరగకుండా, కాఫీ తనే పెట్టుకుని నా పేరు మీద రాయించాలని ఆయన ఎత్తు. తులమో రెండో గదా అనుకుని ఉంటారు. నా నలభై ఎనిమిది ఆయనకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"ఇదిగో కోసం" అన్నారు.

"ఇదిగో అనే పేరు ఈ ఇంట్లో నమోదు కాలేదు."

"మా ఆవిడ కోసమే!"

అదీ నమోదు కాలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇటూ అటూ చూశారు. నేను తలుపు పక్కకు తప్పుకున్నాను. నాకు కోపం రావాల్సింది. కానీ ఆయనకు నా పేరు గుర్తుందో లేదోనన్న భయమే ఎక్కువైంది. పెట్టె పది లెక్కపెడుతోంది. నేనూ లోపల లెక్కపెడుతున్నాను. ఏడు. ఎనిమిది.

"వరహాలమ్మ కోసం" అన్నారు.

మెల్లిగా అన్నారు. ఎవరో పరాయి ఆడమనిషి పేరు పలికినట్టు సిగ్గుపడుతూ అన్నారు. ఈ పేరు ఈ పెట్టెకు నేను ఎన్ని వేలసార్లు చెప్పానో. ఇలా వినబడుతుందని తెలియదు.

"నమోదైంది" అంది పెట్టె.

కాఫీ కలుపుకుని వెనక్కి తిరిగి, అప్పుడు నన్ను చూశారు. చేతిలో గ్లాసు. పాలు కాగలేదు, డికాక్షను నల్లగా అడుగున పేరుకుని ఉంది, పంచదార వేసిన జాడ లేదు. చేతిలోని గ్లాసు వంక చూసుకున్నారు. తరవాత గ్లాసు నా వైపు చాపారు.

ఎవరి కోసం పెట్టారని నేను అడగలేదు. నిలబడే మొత్తం తాగాను. యాలక్కాయ లేదు.

ఆయన ఆర్పకుండా వదిలిన పొయ్యి నేను ఆర్పేసరికి పెట్టె ఈ కాఫీకి రెండు తులాలంది. నలభై ఎనిమిదికి రెండు కలిపితే యాభై. మూడుసార్లు కూడి చూశాను. యాభై దాటకూడదని మీ కాగితంలో ఉంది గానీ, యాభై కాకూడదని లేదు. రేవులో పడవ కూత వినబడుతోంది, అయినా రాస్తున్నాను. అయ్యా, ఇన్నాళ్ళూ నా పేరు మీద పడ్డవాటిలో చాలామటుకు నావి కావు, కొట్టేసుకోండి. ఈ రెండు తులాలు మాత్రం నావే. రాసుకోండి.

వరహాలమ్మ